నాలుక రాళ్ళ చిక్కు విప్పిన మేత్రాణులు

మాల్తా ద్వీపంలో పునీత పౌలుగారి చేతిని పాము పట్టుకొన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది (అపోస్తలుల కార్యములు, 28వ అధ్యాయం). ఆ ద్వీపపు రాళ్ళలో నాలుక ఆకారంలో, నున్నగా, మొన తేలిన రాళ్ళు దొరుకుతాయి. పౌలుగారి వల్ల రాళ్ళైపోయిన పాము నాలుకలే అవి అని అక్కడివారు నమ్మేవారు. విషానికి విరుగుడని దగ్గర ఉంచుకొనేవారు. పండితులకూ అవి అంతుపట్టలేదు. ఆకాశం నుండి రాలాయని కొందరు, భూమిలోనే మొలిచాయని మరికొందరు. వాటిని రాయి అనాలా, జీవి అనాలా?

ఆ చిక్కు విప్పినవారు నీల్స్ స్టెన్సెన్. 1638లో కోపెన్‌హాగెన్‌లో, లూథరన్ కుటుంబంలో, ఒక కంసాలి ఇంట పుట్టారు. వైద్యం చదివారు. చెవి దగ్గరి నుండి నోటిలోకి లాలాజలం తెచ్చే నాళాన్ని 1660లో ఒక గొర్రె తలలో కనుగొన్నారు. దానిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

1666లో లివోర్నో దగ్గర జాలరులకు పెద్ద సొరచేప చిక్కింది. ఫ్లోరెన్స్ ప్రభువు దాని తలను ఆయనకు అప్పగించారు. నోరు తెరచి చూస్తే వరుసలు వరుసలుగా పళ్ళు, అచ్చం నాలుక రాళ్ళే! ఈ పోలిక అంతకుముందే ఒకరిద్దరు చెప్పారు. అయితే సముద్రపు చేప పన్ను కొండరాతిలోకి ఎలా వచ్చింది? స్టెన్సెన్‌గారి గొప్పతనం ఇక్కడే ఉంది. పన్ను రాతిలో మొలిచి పెరిగినదైతే, చెట్టు వేరు బండను చీల్చినట్లు చుట్టూ రాయి పగలాలి గదా! పగల్లేదు. కనుక పన్ను ముందు, రాయి తరువాత. చెరువులో పూడిక పేరుకొన్నట్లు నీటి అడుగున బురద పొర మీద పొరగా దిగి గట్టిపడింది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. 1669లో అచ్చయిన చిన్న పుస్తకంలో ఆయన చెప్పిన ఈ సూత్రం భూగర్భ శాస్త్రానికి పునాదిరాయి.

అది ముందుమాట మాత్రమే. అసలు గ్రంథం రాస్తానన్నారు, రాయలేదు. అప్పటికే, 1667లో, కతోలిక సభలో చేరారు. 1675లో గురుపట్టం, 1677లో మేత్రాణుల పదవి. ఉత్తర జర్మనీలో చెల్లాచెదురుగా ఉన్న కతోలికుల మధ్యకు వెళ్ళారు. హానోవర్‌లో ఆయన్ను ఎరిగిన తత్వవేత్త లైబ్నిజ్ (సెమినరీలో మమ్మల్ని తిప్పలు పెట్టిన పేరు!) అంతటి శాస్త్రవేత్త పరిశోధన మానుకొన్నందుకు నొచ్చుకొన్నారు. ఆ గ్రంథం వచ్చి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. కాని ఆయన తన ఉంగరాన్ని, సిలువను అమ్మి బీదలకు పంచారని తెలిశాక ఆ మాట పైకి అనలేను. మ్యూన్‌స్టర్‌లో పీఠాధిపతి ఎన్నికలో డబ్బు ఆడిందని నిరసించి, 1683లో ఆ ఊరే వదలి వెళ్ళిపోయారు.

1686లో ష్వెరిన్‌లో, 48 ఏళ్ళకే కన్నుమూశారు. దేహాన్ని ఫ్లోరెన్స్‌కు తెచ్చి పునీత లోరెన్సు దేవాలయంలో సమాధి చేశారు. 1988 అక్టోబరు 23న పోపు రెండవ జాన్ పాల్ గారు ఆయనను ధన్యులుగా ప్రకటించారు.