చేతికి పని ఇచ్చిన పండిత రమాబాయి

పండిత రమాబాయి 1858లో జన్మించెను. కరవుకాలములో తలిదండ్రులను, పెండ్లియైన రెండేండ్లలోనే భర్తను కోల్పోయెను. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొందెను. 1889లో బొంబాయిలో శారదా సదనము స్థాపించి వితంతువులకు చదువు చెప్పించెను. 1896-97 కరవులో దిక్కులేని స్త్రీలను, బాలికలను పూనా దగ్గరనున్న కేడ్‌గాఁవ్‌లో ముక్తి సదనమునకు చేర్చెను.

అచ్చట వారికి అన్నముతోపాటు పనియు దొరికెను. వారు మగ్గము నేసిరి, గానుగ ఆడిరి, సేద్యము చేసిరి, అచ్చుకూటములో అక్షరములు కూర్చిరి. హీబ్రూ, గ్రీకు భాషలనుండి ఆమె మరాఠీలోనికి తర్జుమా చేసిన బైబిలును అచ్చువేసినవి ఆ స్త్రీల చేతులే. 1922లో ఆమె ప్రభువునందు నిద్రించెను.

మనము క్రిస్మసుకు బీదరాలికి చీర ఇచ్చి తృప్తిపడుచున్నాము. ఆమె కూలి ఎంత, ఆమెకు ఏ పని నేర్పవలెను అని అడుగుచున్నామా? మన స్త్రీల మైత్రి ఆ ప్రశ్నను చేపట్టును గాక.