కార్నీలియా సొరాబ్జీగారి పరీక్ష

మన పాఠశాలలో చదువు ముగించి, పై చదువులకు పోయి, న్యాయవాదులు కాగోరు బాలికలు నేడు పలువురు కలరు. మంచి మార్కులు వచ్చునా, కళాశాలలో స్థలము దొరకునా యను చింత వారికుండవచ్చును గాని, పరీక్షా మందిరమున తమకొక బల్ల వేయుదురో వేయరో యను చింత మాత్రము లేదు. ఒకప్పుడు ఆ బల్ల దొరకుట యెంత దుర్లభమో తెలిసికొనగోరువారు కార్నీలియా సొరాబ్జీగారి చరిత్రమును చదువవలెను. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివిన మొదటి స్త్రీ ఈమెయే. ఈమె జీవితమునంతయు నిచ్చట వ్రాయుట మా యుద్దేశము కాదు. 1892వ సంవత్సరపు వేసవిలో ఆమె అచ్చట గడపిన కడపటి టర్మును గూర్చియు, దాని ఫలము ఆమె చేతికందుటకు పట్టిన ముప్పది యేండ్లను గూర్చియు ముఖ్యముగా చెప్పదలచితిమి.

కార్నీలియా 1866వ సంవత్సరము నవంబరు 15వ తేదీన నాసికలో జన్మించెను. తండ్రి సొరాబ్జీ ఖర్సేద్జీగారు పార్సీ కుటుంబమున పుట్టి, యౌవనమున క్రైస్తవ మతము నవలంబించి, అందువలన స్వజనులచే పెక్కు బాధలు పొంది, పిమ్మట పాదిరియైనవారు. తల్లి ఫ్రాన్సినాగారు ఫోర్డు దొరసానిగారి పెంపకమున పెరిగిరి. ఆ దొరసానిగారి పేరే కార్నీలియా. కృతజ్ఞతాపూర్వకముగా కుమార్తెకు ఆ పేరే పెట్టుకొనిరి. ఫ్రాన్సినాగారు పూనాలో విక్టోరియా ఉన్నత పాఠశాలను నెలకొల్పి నడిపిరి. ఆ యింట ఆడుబిడ్డలే యెక్కువ. వారిలో ఏ యొకరిని చదువుకు దూరము చేయలేదు. ఒక కుమార్తె సూసీ పూనాలోనే పాఠశాల నడిపెను. మరియొక కుమార్తె ఆలిస్ వైద్యురాలై వాయవ్య సరిహద్దు ప్రాంతమున రోగులకు సేవచేసెను.

కార్నీలియా న్యాయశాస్త్రమునే యేల కోరెను? చిన్నతనమున తమ యింటికి వచ్చిన యొక విధవరాలి కథయే దానికి కారణమని ఆమె తరువాత తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. ఆ విధవరాలు ధనవంతురాలు, ఘోషాలో నుండునది. పరపురుషుల యెదుటికి రాగూడదు గనుక, తన వ్యవహారములన్నియు నమ్మిన కార్యనిర్వాహకునికి అప్పగించెను. అతడు మోసగించి ఆస్తినంతయు హరించెను. వకీలును చూచి మాటలాడుటకు ఆమెకు ఆచారము అడ్డము; వకీలునొద్దకు ఆమె తరఫున పోవలసినవాడు ఆ మోసగాడే. ఇట్టివారికి తోడుపడగోరినచో న్యాయశాస్త్రము చదువవలసినదని తల్లి కుమార్తెకు చెప్పెనట. ఆడువారిలో ఒక్కరైనను ప్లీడరుగా లేని కాలమున ఆ తల్లి యిచ్చిన సలహా యిది. ఫ్రాన్సినాగారిని గూర్చి మాకు కుమార్తెను గూర్చినంత గౌరవమే కలదు.

పూనాలోని డెక్కను కాలేజీలో ఆమె మగపిల్లల నడుమ ఒంటరిగా చదివెను. ఆమె వచ్చు వేళకు తరగతి తలుపులు మూసివేసినవారును లేకపోలేదు. అయినను బొంబాయి విశ్వవిద్యాలయమున మొదటి తరగతిలో ఉత్తీర్ణురాలై, ఆ విశ్వవిద్యాలయమున పట్టము పొందిన స్త్రీలలో మొదటిదయ్యెను. పరీక్షలో ఆమెకు వచ్చిన స్థానమునకు ఇంగ్లండులో చదువుటకు ప్రభుత్వ విద్యార్థివేతనము రావలసియుండెను. అది పురుషులకే గాని స్త్రీలకు కాదని త్రోసిపుచ్చిరి. ఆమె 1888లో అహమ్మదాబాదులోని గుజరాతు కాలేజీలో ఆంగ్ల సాహిత్యము బోధించు ఉద్యోగమున చేరి, తన యీడు మగపిల్లలకే పాఠములు చెప్పెను. ఇంతలో ఇంగ్లండులో హాబ్‌హౌస్ దొరసానిగారు పత్రికాముఖమున ఈ యన్యాయమును వెల్లడించి చందాలు వసూలుచేసిరి. చందా యిచ్చినవారిలో ఫ్లారెన్సు నైటింగేలుగారును ఒకరు. ఆ ద్రవ్యముతో 1889లో కార్నీలియా ఓడయెక్కెను.

ఆక్స్‌ఫర్డులో ఆమె సోమర్‌విల్ హాలున చేరెను. ఆ కాలమున అచ్చట స్త్రీలు ఉపన్యాసములు వినవచ్చును, కొన్ని పరీక్షలు వ్రాయవచ్చును, పట్టము మాత్రమీయరు. మొదట ఆమెకు సాహిత్యము చదువుమని సలహా చెప్పినవారే యెక్కువ. అయితే బేలియల్ కాలేజీ అధిపతి బెంజమిన్ జోవెట్‌గారు ఆమె సంకల్పమును కనిపెట్టి, ఆ వృద్ధాప్యమున తమకున్న పలుకుబడినంతయు ఆమె కొరకు వినియోగించిరి. ఆయన ప్రోత్సాహమున ఆమెకు న్యాయశాస్త్ర పాఠములు ఏర్పాటయ్యెను. ఆల్ సోల్సు కాలేజీ అధిపతి సర్ విలియం ఆన్సన్‌గారు 1890లో తమ కాలేజీకి చెందిన కాడ్రింగ్టన్ గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనుటకు ఆమెకు అనుమతి నిచ్చిరి. అంతవరకు ఏ స్త్రీకిని ఆ యనుమతి లేదు. చీర కట్టుకొనిన హిందూదేశపు కన్యక యొకతె ఆ పెద్ద శాలలో రోమను ధర్మశాస్త్రములు ముందు పెట్టుకొని కూర్చుండుట చూచి అచ్చటి వృద్ధ పండితులు ఏమనుకొనిరో కదా!

న్యాయశాస్త్రము మన విద్యార్థులు తలచునట్లు వాదించుట నేర్చుకొను విద్య మాత్రమే కాదు. ఆక్స్‌ఫర్డులో బి. సి. ఎల్. పరీక్షకు పోవువారు రోమను న్యాయమును, ఇంగ్లండు భూస్వత్వ విధులను, ఒప్పందముల విధులను, న్యాయము యొక్క మూలసూత్రములను చదువవలెను. సామాన్యముగా ఒక పట్టము పొందినవారే దానికి పోవుదురు. రోమను న్యాయములో సంరక్షకులను గూర్చిన ప్రకరణమొకటి కలదు. తండ్రిలేని బిడ్డయొక్కయు, స్వయముగా వ్యవహరింపలేని స్త్రీయొక్కయు ఆస్తిని ఎవరు కాపాడవలెను, కాపాడువాడే తినివేసినచో నెవరు అడుగవలెను అను విచారణ అందు చేయబడినది. పూనాలోని యింటికి వచ్చిన ఆ విధవరాలి కథకు సరిపడిన విచారణ రెండువేల యేండ్లనాటి రోమునగరములోనే జరిగియుండుట గమనింపదగినది.

ఇట్లు మూడు సంవత్సరములు గడచి 1892 వేసవి టర్ము వచ్చెను. చిక్కంతయు అప్పుడే పుట్టెను. పరీక్షకులలో లండనునుండి వచ్చువారొకరు స్త్రీని పరీక్షింపనని భీష్మించిరి. ఆమె పురుషులతో కూడ పరీక్షా మందిరమున కూర్చుండక, సోమర్‌విల్‌లోనే వేరుగా ప్రశ్నలకు ఉత్తరములు వ్రాయవలెనని యేర్పాటు చేసిరి. ఇది యొక చిన్న సంగతియని కొందరు తలపవచ్చును; ప్రశ్నలు అవియే, కాగితము అదియే, కూర్చుండు చోటు మాత్రమే వేరు. సొరాబ్జీగారికి అట్లు తోచలేదు. వేరుగా వ్రాసిన పరీక్ష వేరు పరీక్షగానే లెక్కింపబడునని ఆమెకు తెలియును. రేపు స్వదేశమున ఏ న్యాయాధిపతియైనను నీ పరీక్ష యేమి పరీక్ష, ఎవరును లేనిచోట ఒంటరిగా వ్రాసినదే కదా యన్నచో, ఆమె యేమని బదులు చెప్పగలదు? కావున ఆమె ఒప్పుకొనలేదు. ఇంకొక వారము రెండు వారములలో పరీక్షయనగా చదువుచున్న పుస్తకములు ప్రక్కకు పెట్టి ఇట్టి పంతమునకు నిలుచుట యెంత కష్టమో మన విద్యార్థులు ఊహింపగలరు. చందాలిచ్చి పంపినవారందరును అచ్చటనుండి చూచుచునే యున్నారు. పరీక్షయే లేకపోయినచో వారికేమి చెప్పవలెను?

జోవెట్‌గారును తక్కిన మిత్రులును విశ్వవిద్యాలయ సభకు విజ్ఞాపనము చేసిరి. ఆ సభవారు ప్రత్యేకముగా తీర్మానము చేసి, కార్నీలియా సొరాబ్జీని ఆ పరీక్షకు పోనిచ్చిరి. ఒక్క విద్యార్థిని పేర విశ్వవిద్యాలయము తీర్మానము చేయవలసి వచ్చెను! ఆమె తక్కినవారితో సమముగా పోయి పరీక్ష వ్రాసెను. ఆ పరీక్షకు పోయిన స్త్రీలలో ఆమెయే మొదటిది.

ఫలితము తెలిసినప్పుడు ఆమెకు వచ్చినది మూడవ తరగతి. జీవితచరిత్రలు వ్రాయువారు కొందరు దీనిని దాచుదురు, మేము దాచము. బొంబాయిలో మొదటి తరగతి పొందినది, ఇచ్చట మూడవ తరగతి పొందుట ఆమెకెంతో దుఃఖము కలిగించెను. అయితే ఆ తరగతి ఆమె చదువును కొలిచినంతగా ఆ టర్మున ఆమె పోగొట్టుకొనిన కాలమును కొలిచినదని మాకు తోచుచున్నది. పట్టము మాత్రము పురుషులకే యిచ్చిరి, ఆమెకీయలేదు.

అటుపిమ్మట లండనులో లీ అండ్ పెంబర్టన్ అను సొలిసిటర్ల కార్యాలయమున కొంతకాలము పని నేర్చుకొని, 1893లో స్వదేశమునకు తిరిగి వచ్చెను. ఇచ్చటను తలుపులు మూసియే యుండెను. 1896లో పూనా సెషన్సు కోర్టులో హత్యానేరము మోపబడిన యొక స్త్రీ పక్షమున నిలిచి వాదించెను. ముద్దాయి కోరి, కోర్టు అనుమతించినచో ప్లీడరు కానివారైనను వాదింపవచ్చునని నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో నున్న సందే ఆమెకు ఆధారమయ్యెను. 1897లో బొంబాయి విశ్వవిద్యాలయపు ఎల్‌ఎల్. బి. పరీక్షయు, 1899లో అలహాబాదు హైకోర్టువారి ప్లీడరు పరీక్షయు నెగ్గెను. అయినను హైకోర్టువారు పట్టికలో పేరు చేర్చుకొనలేదు. స్వదేశ సంస్థానములలో మాత్రము అప్పుడప్పుడు వాదించుటకు వీలు కలుగుచుండెను. ఒక సంస్థానమున ఏనుగు పోషణకై యిచ్చిన తోట విషయమున వ్యాజ్యము రాగా, ఆమె నోరు తెరువకముందే, తన కుక్కకు ఈమె నచ్చినది గనుక వ్యాజ్యము ఈమెదేయని రాజు తీర్పు చెప్పెనట! ఇంత చదివి కుక్క దయవలన గెలువవలసి వచ్చెనేయని ఆమె నవ్వుకొనెనో, ఏడ్చెనో.

తనకు కోర్టులలో చోటు లేనప్పుడు, కోర్టులకు రాలేనివారి యొద్దకే తాను పోవలెనని ఆమె నిశ్చయించుకొనెను. జమీందారు చనిపోయి వారసుడు బాలుడైనప్పుడు, లేక ఆస్తి స్త్రీ చేతికి వచ్చినప్పుడు, ప్రభుత్వమువారు కోర్టు ఆఫ్ వార్డ్సు అను శాఖచేత ఆ జమీని నడిపించెడివారు. మన తెలుగు జిల్లాలలోను పలు జమీందారీలు ఒక్కొక్కప్పుడు మద్రాసు కోర్టు ఆఫ్ వార్డ్సువారి క్రింద నుండెను గనుక ఈ పేరు మన తాతముత్తాతలకు క్రొత్త కాదు. శిస్తులు వసూలు చేయుటకు మేనేజరు కలడు. లెక్కలు చూచుటకు కలెక్టరు కలడు. కాని రాణివాసములోని విధవరాలికి భరణము సరిగా చేరుచున్నదా, ఆమె వ్రేలిముద్ర వేసిన కాగితములో నేమున్నది, బాలుని ప్రాణమునకు దాయాదులవలన భయమేమైన నున్నదా యని లోపలికి పోయి విచారించు అధికారి యొక్కడును లేడు, పోవుటకు వీలును లేదు. ఈ లోటును ఇండియా ఆఫీసువారికి విన్నవించి విన్నవించి, తుదకు 1904లో ఆమె బంగాళమున కోర్టు ఆఫ్ వార్డ్సునకు లేడీ అసిస్టెంటుగా నియమింపబడెను. కొలదికాలములోనే బంగాళము, బీహారు, ఒరిస్సా, అస్సాము ఆమె విచారణ క్రిందికి వచ్చెను.

పల్లకిమీదను, పడవమీదను, ఏనుగుమీదను ఆమె యాత్రలు చేసెను. ఘోషా స్త్రీల ప్రక్కను చాపమీద కూర్చుండి, వారి పూజాపునస్కారములకు భంగము కలుగకుండ మాటలాడి, పత్రములు చదివి వినిపించి, అత్తాకోడండ్ర వివాదములు తీర్చి, పిల్లలకు ఉపాధ్యాయులను, రోగులకు దాదులను ఏర్పాటుచేసెను. ఇరువది యేండ్లలో ఆరువందలకు మించిన స్త్రీలును అనాథ బాలలును ఆమెవలన సహాయము పొందిరని చెప్పుదురు. 1909లో ప్రభుత్వమువారు కైసరీ హింద్ స్వర్ణపతకము నిచ్చిరి.

ఆమె యభిప్రాయములన్నియు మనకు సమ్మతములు కావు. ఆమె స్వరాజ్యోద్యమమును ప్రతిఘటించెను. గాంధీమహాత్ముని మార్గమును నిందించెను. 1927లో అమెరికా దేశస్థురాలు కాథరిన్ మేయో మన దేశమును దూషించుచు వ్రాసిన గ్రంథమును సమర్థించి, దేశస్థుల కోపమునకు గురియయ్యెను. అందువలన తాను ఏ స్త్రీలకొరకు పాటుపడెనో వారి నాయకురాండ్రే ఆమెకు దూరమైరి. ఒక్కొక్క యింటి కష్టమును అంత సూక్ష్మముగా చూచిన కన్నులు, దేశమంతటి కోరికను చూడలేకపోవుట మాకు విచారము.

1919లో ఇంగ్లండున చట్టము మారి స్త్రీలకు న్యాయవాద వృత్తి తెరువబడెను. 1920లో ఆక్స్‌ఫర్డువారు స్త్రీలకు పట్టము లిచ్చుటకు ఒప్పుకొనిరి. 1921లో అలహాబాదు హైకోర్టువారు ఆమె పేరును చేర్చుకొనిరి. 1922లో ఆమె మరల ఆక్స్‌ఫర్డునకు పోయి, ముప్పది యేండ్ల క్రిందట వ్రాసిన పరీక్షకు పట్టము పుచ్చుకొనెను. అప్పటికామె వయస్సు ఏబదియైదు దాటెను. ఆ పరీక్ష కొరకు పోరాడిన జోవెట్‌గారు 1893లోనే గతించిరి. లండనులోని లింకన్స్ ఇన్నువారు ఆమెను బారిష్టరుగా చేర్చుకొనిరి. 2012లో వారే తమ ఆవరణమున ఆమె ప్రతిమను ప్రతిష్ఠించిరి. 1923 నాటి చట్టము మన దేశమునను స్త్రీల కడ్డుతొలగింపగా, ఆమె 1924లో కలకత్తాలో వృత్తి ప్రారంభించెను. అచ్చటను ఆమెకు వాదించు అవకాశములు చాల తక్కువగా దొరకెను. కాగితముమీద అభిప్రాయములు వ్రాసియిచ్చు పనియే యెక్కువ. 1929లో వృత్తి చాలించి లండనున నివాసమేర్పరచుకొనెను. 1934లో ప్రకటించిన స్వీయచరిత్రలో ఆమె ఆక్స్‌ఫర్డు దినములను మిక్కిలి ప్రీతితో జ్ఞాపకము చేసికొనెను. 1954వ సంవత్సరము జూలై 6వ తేదీన లండనులోనే మరణించెను. అప్పటికామెకు ఎనుబదియేడేండ్లు.