ఔషధ తపస్వి యల్లాప్రగడ

మానవాళిని పీడించిన వ్యాధులపై జీవితాంతం పోరాడి, కీర్తిని మాత్రం ఇతరులకు వదలిపెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. పేదరికం, తండ్రి అనారోగ్యం చదువుకు అడ్డు నిలిచాయి. రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో ఆయన మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణులయ్యారు.

మిత్రుల సహాయంతోను, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆదరణతోను మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపునందుకొని శస్త్రచికిత్స సమయంలోనూ ఖద్దరు దుస్తులే ధరించారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగించింది. ఫలితంగా ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కింది.

ఇంతలో ఆ కుటుంబంపై పిడుగు పడింది. పోషకాలను ఒంటికి పట్టనీయక, రక్తాన్ని క్షీణింపజేసే స్ప్రూ అనే వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. సుబ్బారావు కూడా ఆ వ్యాధికి గురై, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఇటువంటి వ్యాధులకు మందు కనుగొనాలన్న సంకల్పం ఆయనలో దృఢపడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతో, భార్య శేషగిరిని స్వదేశంలోనే విడిచి అమెరికాకు పయనమయ్యారు. మరల మాతృభూమిని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

బోస్టన్‌లో ఆసుపత్రి సేవకునిగా రాత్రివేళ పనిచేస్తూ, హార్వర్డ్ వైద్య విద్యాలయంలో అధ్యయనం సాగించారు. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1927లో కండరాలలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి.ని వారు వెలుగులోకి తెచ్చారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఎ.టి.పి.ని కనుగొన్నారు. ఇంత సాధించినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన స్థానం లభించలేదు.

ఆ కాలంలో వైద్యలోకాన్ని ఆకర్షించిన అంశం కాలేయం. పశువుల కాలేయాన్ని ఆహారంగా ఇస్తే ప్రాణాంతకమైన ఒక రక్తహీనత తగ్గుతుందని 1926లో మైనాట్, మర్ఫీ అనే వైద్యులు ప్రకటించారు. అందులోని ఔషధ పదార్థమేదో తెలుసుకోవడానికి సుబ్బారావు ఏళ్ళ తరబడి కాలేయ సారాన్ని పరిశోధించారు. ఆయన వెదకిన పదార్థం, అంటే బి12 విటమిన్, 1948లో ఇతర పరిశోధకులకు చిక్కింది. అయితే ఆ అన్వేషణ వృథా కాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన ఆయన నాయకత్వంలో, కాలేయంలోనూ ఆకుకూరలలోనూ ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని శాస్త్రవేత్తలు 1945లో కృత్రిమంగా తయారుచేశారు. అది స్ప్రూ రోగుల రక్తహీనతను తగ్గించింది. సోదరులను హరించిన వ్యాధికి ఆ విధంగా ఆయన సమాధానం చెప్పారు.

ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగిస్తే క్యాన్సర్ కణాల పెరుగుదల ఆగుతుందని గ్రహించి, ఆయన బృందం అమినోప్టెరిన్‌ను, తరువాత మెథోట్రెక్సేట్‌ను సిద్ధం చేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ సోకిన 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా మెరుగుదల కనిపించింది. మెథోట్రెక్సేట్ నేటికీ క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి వాడుకలో ఉన్నది. కాలేయానికి హాని కలుగకుండా వైద్యులు పరీక్షలు చేయిస్తూ దీనిని ఇస్తారు. బోదకాలును అదుపుచేసే హెట్రజాన్ కూడా ఆయన బృందం కృషి ఫలితమే. 2004 నుండి భారతదేశంలో బోదకాలు నివారణకై సామూహికంగా పంపిణీ చేసిన మందు అదే. బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ వెలువడటానికి కూడా ఆయన పరిశోధనాశాఖ అండగా నిలిచింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో, సుబ్బారావు గుండెపోటుతో కన్నుమూశారు. 1995లో భారత ప్రభుత్వం ఆయన శతజయంతి సందర్భంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది.

నేడు సంగారెడ్డి, పటాన్‌చెరు పారిశ్రామిక వాడలలో ఔషధ కర్మాగారాలు వరుసగా వెలిశాయి. వేలాది యువకులు అక్కడ మందుల తయారీలో పాలుపంచుకుంటున్నారు. కర్మాగారాల వ్యర్థాలతో నక్కవాగు వంటి నీటివనరులు కలుషితమైన చేదు అనుభవమూ ఆ ప్రాంతానికి ఉన్నది. ఔషధం రోగిని కాపాడటంతోపాటు దాన్ని తయారుచేసే ఊరిని కూడా కాపాడాలి. ప్రాణరక్షణనే పరమార్థంగా భావించిన యల్లాప్రగడ జీవితం ఆ బాధ్యతను గుర్తుచేస్తుంది.