నవంబరు 11 : మౌలానా అబుల్ కలాం ఆజాద్ జీవితము

చరిత్రలో ఒకే తేదీన జన్మించిన పాలకులు, రాజనీతిజ్ఞులు పలువురు కనిపిస్తారు. కాని తేదీతోపాటు సంవత్సరం కూడ ఒకటే అయి, ఒకే సంస్థలో, ఒకే ఉద్యమంలో, చివరకు ఒకే కారాగారంలో జీవితాలు కలసిన నాయకులు బహు అరుదు. మౌలానా అబుల్ కలాం ఆజాద్, ఆచార్య జె. బి. కృపలానీ అట్టి అరుదైన జంట. దేశం ఈ ఇరువురి జన్మదినంగానూ పాటించేది 1888 నవంబరు 11వ తేదీనే. ఒకరు మక్కా నగరంలో కన్ను తెరిచారు. మరొకరు హైదరాబాదులో, అయితే అది మన దక్కను హైదరాబాదు కాదు, సింధు ప్రాంతపు హైదరాబాదు.

పుట్టిన ఘడియయే మానవుని భవితవ్యాన్ని నిర్ణయిస్తుందని విశ్వసించేవారు అన్ని మతాలలోను ఉన్నారు. పుట్టిన ఇల్లు, కులం, ఊరు నిర్ణయిస్తాయని భావించేవారు అంతకంటె ఎక్కువమంది. ఈ రెండు విశ్వాసాలకూ మౌలానా జీవితం ఒక సమాధానం. అందుచేత ఈ వ్యాసంలో మేము ప్రధానంగా ఆయన చరిత్రనే చెప్పదలచి, అదే దినాన పుట్టిన కృపలానీగారిని అవసరమైన చోట్ల ప్రక్కన నిలిపి చూడదలచాము.

మౌలానా అసలు పేరు ముహియుద్దీన్ అహమద్. తండ్రి మౌలానా ఖైరుద్దీన్ గొప్ప పండితులు, శిష్యకోటి గల పీరు. తల్లి మదీనాకు చెందిన పండిత కుటుంబంలోని అరబ్బు మహిళ. కుమారుడు పసివాడుగా ఉన్నప్పుడే ఆ కుటుంబం కలకత్తా చేరి అక్కడ స్థిరపడింది. ఇంగ్లీషు చదువులపై తండ్రికి నమ్మకం లేదు. కనుక బాలుడు ఏ పాఠశాల గడపా తొక్కలేదు. ఇంటివద్దనే అరబ్బీ, పారశీక భాషలు, తర్కం, తత్త్వశాస్త్రం, గణితం అభ్యసించాడు. ఇతరులకు ఇరవై ఏండ్లు దాటితే గాని పూర్తికాని ఆ పాఠ్యక్రమాన్ని పదహారవ ఏటనే ముగించాడు. పదిహేనేండ్లు నిండీ నిండకముందే, 1903లో, 'లిసానుస్ సిద్ఖ్' అనే ఉర్దూ పత్రికను ప్రారంభించాడు.

అటుతరువాత సర్ సయ్యద్ అహమద్ ఖాన్ రచనలు ఆ యువకుని చేతికి వచ్చాయి. ఆధునిక విజ్ఞానం ఎరుగనిదే విద్య సంపూర్ణం కాదని గ్రహించి, నిఘంటువు దగ్గర ఉంచుకొని, బైబిలును, వార్తాపత్రికలను చదువుతూ ఇంగ్లీషు స్వయంగా నేర్చుకొన్నాడు. ఆ చదువుతోపాటు మనస్సులో సందేహాలు కూడ పుట్టాయి. వంశపారంపర్యంగా వచ్చిన విశ్వాసాన్ని పరీక్షించకుండా అంగీకరించడం ఆయనకు సాధ్యం కాలేదు. కొన్ని సంవత్సరాల అంతర్మథనం తరువాత ధర్మాన్ని తిరిగి స్వీకరించారు. కాని అది తండ్రి ఇచ్చిన ఆస్తిగా కాక, తాను సంపాదించుకొన్న సత్యంగా స్వీకరించారు. స్వేచ్ఛను సూచించే 'ఆజాద్' అనే కలం పేరు ఆ రోజులకు గుర్తు. తండ్రి మరణానంతరం చేతులు ముద్దాడే శిష్యులతో నిండిన పీరు పీఠం ఆయనకోసం సిద్ధంగా ఉండింది. ఆయన దానిని కోరుకొనలేదు.

1912 జూలైలో కలకత్తానుండి 'అల్ హిలాల్' వారపత్రిక వెలువడింది. ఉర్దూ పత్రికా చరిత్రలో అదొక నూతనాధ్యాయం. ముస్లింలు జాతీయోద్యమానికి దూరంగా ఉండి ప్రభుత్వ విధేయతతో లాభపడాలనే ధోరణిని ఆ పత్రిక తీవ్రంగా ఖండించింది. పరాయిపాలనను ఎదిరించడం ధర్మానికి విరుద్ధం కాదనీ, ధర్మం విధించిన కర్తవ్యమే అనీ బోధించింది. ప్రభుత్వం మొదట 2,000 రూపాయలు, తరువాత 10,000 రూపాయలు ధరావతు కోరి, రెండింటినీ వశపరచుకొంది. 1914లో 'అల్ హిలాల్' ఆగిపోయింది. 1915లో 'అల్ బలాగ్' పేరుతో మరొక పత్రిక ఆరంభమైంది. ఈసారి ప్రభుత్వం పత్రికను విడిచి సంపాదకునే పట్టుకొంది. 1916లో బెంగాలునుండి బహిష్కృతులై ఆయన రాంచీ చేరారు. అక్కడ నిర్బంధానికి గురై 1919 సంవత్సరాంతం వరకు ఉండవలసివచ్చింది. ఆ కాలంలో కూడ చేతులు ముడుచుకొని కూర్చొనలేదు. స్థానికుల సహకారంతో రాంచీలో ఒక మదర్సా స్థాపించారు.

ఇక్కడ కృపలానీగారిని తలచుకొనవలసి ఉంది. ఆయన కళాశాలలలో చదివి, బీహారులోని ముజఫర్‌పూర్‌లో అధ్యాపకులైనారు. 1917లో గాంధీజీ చంపారన్ రైతుల నీలిమందు కష్టాలు విచారించడానికి వచ్చినప్పుడు ఆయనకు తోడు నిలిచారు. ఆనాటి పాలనా విభాగాలలో రాంచీ, చంపారన్ రెండూ బీహారు-ఒరిస్సా రాష్ట్రంలోనివే. ఒకే వయస్సు గల ఇద్దరిలో ఒకరు అదే రాష్ట్రంలో నిర్బంధంలో ఉండగా, మరొకరు గాంధీజీ వెంట గ్రామాలు తిరుగుతున్నారు. మౌలానాకు గాంధీజీ దర్శనం 1920 జనవరిలో గాని లభించలేదు. అప్పటినుండి ఇద్దరి మార్గం ఒకటే అయింది.

ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలలో మౌలానా అగ్రశ్రేణిలో నిలిచారు. 1921 డిసెంబరులో అరెస్టయి, న్యాయస్థానంలో తాను చేసినది నేరమే అయితే ఆ నేరాన్ని సగర్వంగా అంగీకరిస్తూ దీర్ఘమైన వాఙ్మూలం సమర్పించారు. ఉర్దూ గద్యంలో అది నేటికీ ప్రసిద్ధ రచన. 1923 సెప్టెంబరులో ఢిల్లీ ప్రత్యేక కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించేనాటికి ఆయనకు ముప్పది అయిదు ఏండ్లు నిండలేదు. ఆ సభలో ఆయన హిందూ-ముస్లిం ఐక్యతను స్వరాజ్యం కంటె కూడ ఉన్నతస్థానంలో నిలిపారు. తరువాతి జీవితమంతా ఆ ఒక్క మాటకు కట్టుబడి ఉండడమే. అదే కాలంలో ఖురాన్‌కు ఉర్దూ అనువాద వ్యాఖ్యానమైన 'తర్జుమానుల్ ఖురాన్' రచించి, 1930 తరువాతి సంవత్సరాలలో రెండు సంపుటాలుగా ప్రకటించారు. సకల ధర్మాల మూలతత్త్వం ఒక్కటే అనే భావం అందులోని ప్రధానాంశం.

1940 మార్చిలో రామ్‌గఢ్ కాంగ్రెసు మహాసభకు ఆయన మరల అధ్యక్షులైనారు. ముస్లిం లీగు లాహోరు తీర్మానం చేసినది కూడ ఆ రోజులలోనే. ఒక వేదికపై ముస్లింలు వేరొక జాతి అని ప్రకటన జరుగుతుండగా, మరొక వేదికపై మౌలానా తాను ముస్లింననీ, భారతీయుడననీ, ఈ రెంటిలో ఏ ఒక్కటి వదలుకొన్నా తాను తానుగా మిగలననీ స్పష్టం చేశారు. నాటి కాంగ్రెసు ప్రధాన కార్యదర్శి కృపలానీగారే. అంటే, అధ్యక్షుడు, కార్యదర్శి ఒకే జన్మదినం గలవారు.

1942 ఆగస్టు 9వ తేదీ వేకువజామున బొంబాయిలో పలువురు నాయకులను అరెస్టు చేసి అహమద్‌నగర్ కోటకు తరలించారు. నెహ్రూ, పటేల్, పంత్, నరేంద్రదేవ్, ఆసఫ్ అలీ మొదలైనవారితోపాటు ఆజాద్, కృపలానీ కూడ ఆ కోటలోనే బందీలు. బందరుకు చెందిన మన డాక్టర్ పట్టాభి సీతారామయ్యగారు కూడ అక్కడే ఉన్నారు. 1942, 1943, 1944 సంవత్సరాలలో మూడు నవంబరు పదకొండులు ఈ ఇద్దరికీ ఆ గోడల మధ్యనే గడిచాయి.

ఆ కోటలోనే మౌలానాకు జీవితంలోని గొప్ప దుఃఖం ఎదురైంది. కలకత్తాలో సతీమణి జులేఖా బేగం తీవ్ర అస్వస్థతకు లోనైన వార్త అందింది. ప్రభుత్వానికి ఏదైనా విన్నపం ఉంటే వెంటనే పంపగలనని జైలు అధికారి తెలియజేశాడు. తాను ఎదిరిస్తున్న ప్రభుత్వాన్ని వ్యక్తిగత సౌకర్యం కోసం యాచించడానికి ఆయన ఒప్పుకొనలేదు. 1943 ఏప్రిల్‌లో ఆమె మరణించింది. కడసారి చూపు దక్కలేదు. 1945 జూన్‌లో విడుదలై కలకత్తా చేరినప్పుడు ఆయన ఆమె సమాధి వద్ద ఆగి ఫాతిహా చదివారు. ఈ నిర్ణయం సరియైనదా, కఠినమైనదా అని పాఠకులు ప్రశ్నించవచ్చు. ఆయనకు సైతం అది సులభం కాలేదని ఆ దినాలలో వ్రాసిన లేఖలే తెలుపుతున్నాయి.

ఆ లేఖల సంపుటమే 1946లో ప్రచురితమైన 'గుబారె ఖాతిర్'. తెల్లవారకముందే లేచి స్వయంగా కాచుకొన్న తేనీరు, గదిలో గూళ్ళు కట్టిన పిచ్చుకలు, సంగీతం, తత్త్వం — ఇవన్నీ అందులో ఉన్నాయి. జైలునుండి అవి బయటికి పోయే వీలు లేదు. అయినా ఒక మిత్రుని సంబోధించి వ్రాస్తూనే ఉన్నారు. ఆ మిత్రుడు నవాబ్ సదర్ యార్ జంగ్ హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ. మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రథమ ఉపాధ్యక్షులు ఆయనే. ఉర్దూ సాహిత్యంలోని ఒక ఉత్తమ గ్రంథానికి, మన నగరానికి ఈ విధమైన బంధం ఉంది.

1946లో బ్రిటిష్ మంత్రివర్గ రాయబారం వచ్చినప్పుడు, రాష్ట్రాలకు విశేషాధికారాలిచ్చి కేంద్రాన్ని పరిమితం చేసి దేశాన్ని ఒకటిగా నిలుపవచ్చునని మౌలానా గట్టిగా నమ్మారు. ఆ సంవత్సరమే అధ్యక్షపదవి నెహ్రూగారికి అప్పగించారు. అది తన పొరపాటని తరువాతి కాలంలో భావించారు. సంవత్సరాంతానికి ఆ పదవి కృపలానీగారిని వరించింది. 1947 జూన్‌లో దేశవిభజనను అంగీకరించిన అఖిల భారత కాంగ్రెసు సంఘ సమావేశానికి అధ్యక్షత వహించవలసినవారు ఆయనే. ఆ అంగీకారంతో కృపలానీగారి జన్మభూమి సింధు పరాయిదేశమైపోయింది. పరదేశంలో పుట్టిన మౌలానా మాత్రం భారతదేశంలోనే ఉండిపోయారు. జన్మస్థలం దేశభక్తికి కొలబద్ద కాదనడానికి ఇంతకంటె నిదర్శనం మాకు కనిపించడం లేదు.

ఈ విశ్వాసానికి ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. లీగు నాయకులు ఆయనను ముస్లింల ప్రతినిధిగా గుర్తించలేదు. స్వమతస్థులే అనేకులు నిందించారు. తాను ప్రేమించిన సహచరులు విభజనకు అంగీకరించినప్పుడు ఆయన ఒంటరివారైనారు. పండితుడే గాని నిర్మాణకార్యకర్త కాకపోవడం, ఏకాంతప్రియుడు కావడం ఆయన లోపాలని విమర్శకులు చెప్పినదానిలో సత్యం లేకపోలేదు. కాని 1947 అక్టోబరులో, ఢిల్లీ ముస్లింలు భయభ్రాంతులై మూటలు కట్టుకొంటున్న వేళ, జామా మసీదు మెట్లనుండి వారిని నిలువరించి ధైర్యం చెప్పగలిగినది ఆ ఒంటరి మనిషే. ఈ నేల తమదనీ, తమ పూర్వుల చిహ్నాలను విడిచి పారిపోవడం తగదనీ ఆయన ఉద్బోధించారు.

స్వతంత్ర భారత ప్రథమ విద్యామంత్రిగా 1958 ఫిబ్రవరి 22న మరణించేవరకు ఆయన పనిచేశారు. డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యా సంఘం 1948లో ఏర్పడింది. ఖరగ్‌పూర్ సాంకేతిక విద్యాసంస్థ 1951లో ప్రారంభమైంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1953లో వెలిసింది. సంగీత నాటక, సాహిత్య, లలితకళా అకాడమీలు 1953, 1954 సంవత్సరాలలో నెలకొన్నాయి. మతపీఠానికి వారసుడుగా పుట్టినవాడు యంత్రవిద్యకూ, నాట్యానికీ, చిత్రకళకూ సమానంగా పునాదులు వేశాడు. కృపలానీగారు ఇందుకు భిన్నమైన మార్గం పట్టారు. కాంగ్రెసు విడిచి ప్రతిపక్షంలో కూర్చొని, 1963లో లోకసభలో నెహ్రూ ప్రభుత్వంపై ప్రథమ అవిశ్వాస తీర్మానం ప్రతిపాదించి, 1982 వరకు జీవించారు. ఏ కళాశాలలోను చదువని వ్యక్తి దేశవిద్యకు అధిపతి కావడం, కళాశాలలో పాఠాలు చెప్పిన ఆచార్యులు శాసనసభలో ఎదురుపక్షపు గొంతు కావడం — ఒకే దినాన పుట్టిన ఇద్దరి దారులు ఇంతగా వేరుపడ్డాయి. ఇద్దరూ తమ అంతరాత్మను మాత్రం అమ్ముకొనలేదు.

1992లో మరణానంతరం మౌలానాకు భారతరత్న లభించింది. 1998లో మన హైదరాబాదులో ఆయన పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వెలసింది. 2008నుండి నవంబరు 11వ తేదీ జాతీయ విద్యాదినంగా జరుపబడుతున్నది. అదే దినం కృపలానీగారి జయంతి కూడ అని తలచేవారు కొద్దిమందే.

ఉర్దూ, తెలుగు రెండు భాషలూ వినిపించే విద్యాలయంలో చదివేవారికి ఈ చరిత్ర పరాయిది కాదు. మన జన్మతేదీ, మతం, మాతృభాష మనం ఎన్నుకొన్నవి కావు. మౌలానాకు కూడ అవి అయాచితంగానే వచ్చాయి. వాటిలో దేనినీ ఆయన త్యజించలేదు, దేనికీ బందీ కాలేదు. తనకు సంక్రమించిన ప్రతిదానిని జ్ఞానంతో పరీక్షించి, తన ఇచ్ఛతో మరల స్వీకరించారు. ఆయన ధరించిన ఆ చిన్న కలం పేరుకు అసలైన అర్థం అదేనని మేము భావిస్తున్నాము.