పొరుగింటి కిటికీ వంక చూచిన దర్శకుడు

లండను మహానగరపు ఈశాన్య శివారున లేటన్‌స్టన్ అను పేట కలదు. ఆ పేటలో 1899 ఆగస్టు 13వ తేదీన ఒక కూరగాయల వర్తకుని ఇంట ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ జన్మించెను. ముగ్గురు బిడ్డలలో ఆయన కడగొట్టువాడు. బొద్దుగా నుండెడి పిల్లవాడు. తోడి బాలురతో ఆడుటకంటె ఒక మూల కూర్చుండి వారి ఆటను చూచుచుండుటయే ఆయనకు ప్రీతి.

ఆయనకు సుమారు ఐదేండ్ల వయసున జరిగినదని చెప్పెడి ముచ్చట ఒకటి కలదు. ఏదో చిన్న తప్పునకు తండ్రి ఒక చీటి వ్రాసి, దానిని పిల్లవాని చేతికిచ్చి పోలీసు ఠాణాకు పంపెనట. అధికారి చీటి చదువుకొని, బాలుని కొన్ని నిమిషములు గదిలో పెట్టి తాళము వేసి, చెడ్డ పిల్లలకు ఇదియే గతియని చెప్పి విడిచిపుచ్చెనట. ఈ కథను ఆయన ముదిమి వరకును చెప్పుచునే యుండెను. చెప్పిన కొలదిని దానికి కొంత రంగు పూసియుండ వచ్చును. కాని పోలీసులన్న భయము, చేయని నేరమునకు చిక్కిన మనుష్యునిపై జాలి, ఈ రెండును ఆయన చిత్రములను కడవరకు విడువలేదు.

జెసూయిట్ మతగురువుల పాఠశాలలో చదువు సాగెను. 1914లో తండ్రి మరణించెను. బాలుడు తంతి తీగలు తయారుచేయు ఒక కంపెనీలో ఉద్యోగమున చేరి, తరువాత అచ్చటనే ప్రకటనలకు బొమ్మలు గీయసాగెను. ఆ బొమ్మలే ఆయనను సినిమా స్టూడియోకు చేర్చినవి. అవి మూకీల దినములు. తెరపై కథ తెలుపు అక్షరముల పలకలకు చిత్రరచన చేయువాడు కావలసియుండెను. అచ్చటనే ఆల్మా రెవిల్ పరిచయమయ్యెను. ఆయనకంటె ఒక్కరోజు చిన్నది. కూర్పు పనిలో ఆరితేరినది. 1926లో వారు వివాహమాడిరి. ఆమె కన్ను తప్పించుకొని ఆయన చిత్రమేదియు బయటకు పోలేదన్న అతిశయోక్తి కాదు.

1927లో విడుదలయైన లాడ్జర్ అను మూకీ చిత్రముతో హిచ్‌కాక్ తన బాటను కనుగొనెను. లండను పొగమంచులో స్త్రీలు వరుసగా హత్యకు గురియగుచుందురు. అదే సమయమున ఒక ఇంట కొత్తవాడొకడు అద్దెకు దిగును. మాట తక్కువ, రాత్రివేళ బయటకు పోవును, మేడ గదిలో అటునిటు పచారు చేయును. మూకీలో అడుగుల చప్పుడు వినిపించుటెట్లు? దర్శకుడు మందమైన గాజుపలకపై నటుని నడిపించి, క్రిందనుండి ఛాయాగ్రహణము చేయించెను. ఇంటివారి అనుమానము వీధికెక్కును. జనసమూహము అతనిని వేటాడును. తీరా చూడగా అతడు నిరపరాధి! నాయక పాత్రధారి జనప్రియుడు గనుక అతనిని హంతకునిగా చూపుటకు వీలులేకపోయెనన్నది వ్యాపారపు మాట. ఆ నిర్బంధమే చిత్రమునకు బలమయ్యెను.

1939లో ఆయన అమెరికా చేరెను. మరుసటి యేటి రెబెకాకు ఉత్తమ చిత్రముగా ఆస్కార్ లభించెను. దర్శకునిగా మాత్రము ఐదుమారులు పరిశీలనకు వచ్చియు ఆయనకు ఆ బహుమానము ఎన్నడును దక్కలేదు.

1943 నాటి షాడో ఆఫ్ ఎ డౌట్ కొరకు ఆయన కాలిఫోర్నియాలోని శాంటారోజా అను ప్రశాంతమైన ఊరిని ఎన్నుకొనెను. అచ్చట అనుమానింప దగినవాడు పొరుగువాడు కాదు, ఇంటికి వచ్చిన మేనమామ. తండ్రియు పక్కింటి మిత్రుడును వినోదార్థము హత్యోపాయములను చర్చించుకొనుచుందురు. అసలు హంతకుడు ఆ ఇంటి భోజనబల్ల యొద్దనే యుండును! ఈ నవ్వు హిచ్‌కాక్ సొంత ముద్ర.

పొరుగింటి పుల్లకూర రుచి యన్నది మన సామెత. పొరుగింటి రహస్యము రుచి ఎట్టిదో 1954 నాటి రియర్ విండో చూపినది. కాలు విరిగి కట్టుతో కుర్చీకి అంటుకొనిపోయిన ఛాయాచిత్రకారుడు ఒకడు, పొద్దుపోక పెరటి కిటికీలోనుండి ఎదుటి ఇండ్లను చూచుచుండును. ఇందుకై స్టూడియోలో 31 వాసముల భవనసముదాయమును నిర్మించిరి. చోటు చాలక నేలను కూడ తొలగించి దిగువ అంతస్తును కలుపుకొనిరి. ఎదుటి ఇంటి జబ్బుమనిషియైన భార్య ఒకనాటినుండి కానరాదు. భర్త రాత్రివేళ పెట్టె పట్టుకొని పలుమారులు పోయివచ్చును. చూచువాని అనుమానము నిజమే యగును. అయినను దర్శకుడు చూచువానిని నిర్దోషిగా విడువలేదు. కడకు హంతకుడు చీకటిలో అతని గదికి వచ్చి, తననుండి ఏమి కోరుచున్నాడని అడుగును. అంతవరకు దుర్భిణితో చూచినవాని యొద్ద ప్రత్యుత్తరము లేదు. ప్రేక్షకుని యొద్దను లేదు.

మరుసటి సంవత్సరము ట్రబుల్ విత్ హ్యారీలో ఆయన చావును పూర్తిగా హాస్యమున ముంచెను. వెర్మాంటు అడవిలో శవమొకటి పడియుండును. ఒకడు తన తుపాకి తగిలెననియు, ఒకతె తన పాదరక్ష దెబ్బయే కారణమనియు భావించుకొందురు. పాతిపెట్టుట, త్రవ్వుట, మరల పాతిపెట్టుట! కడకు అది సహజ మరణమని తేలును. అమెరికా జనులు నాడు దీనిని ఆదరింపలేదు. అదే యేట ఆరంభమైన ఆయన టెలివిజన్ కథలను మాత్రము ఇంటింటను చూచిరి. 1958 నాటి ఒక కథలో ఇల్లాలు గడ్డకట్టిన గొర్రెతొడతో భర్తను కొట్టి చంపి, దానినే వండి, ఆయుధమును వెదకవచ్చిన పోలీసులకు వడ్డించును.

1960లో సైకో వచ్చెను. ఎనిమిది లక్షల డాలర్ల స్వల్ప వ్యయముతో, టెలివిజన్ పనివారితోనే దానిని తీసెను. చిత్రము సిద్ధమైన పిదప, చనిపోయిన స్త్రీ పాత్రధారిణిలో ఒక సూక్ష్మ చలనమును పట్టుకొన్నది ఆల్మాయే.

ఇచ్చట ఒక చీకటి ఘట్టమును దాటిపోరాదు. 1963 నాటి బర్డ్స్‌లో నటించిన టిపి హెడ్రెన్‌పై ఐదు దినములపాటు సజీవమైన పక్షులను విసరించిరి. కంటిసమీపమున గాయమయ్యెను, ఆమె సొమ్మసిల్లెను. దర్శకుడు తనను వేధించెనని ఆమె 2016లో ప్రచురించిన ఆత్మకథలో వ్రాసినది. పరుల బ్రతుకుపై కన్నువేయుటలోని దోషమును అంత సూక్ష్మముగా చిత్రించిన వ్యక్తి విషయమున ఈ ఆరోపణను తేలికగా తీసివేయుటకు వీలులేదు. ప్రతిభను చూపి దానిని కప్పిపుచ్చుటయు న్యాయము కాదు.

1980 నూతన సంవత్సరమున ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వము సర్ బిరుదమిచ్చెను. ఏప్రిల్ 29న లాస్ ఏంజెల్స్‌లోని స్వగృహమున మరణించెను. చితాభస్మమును పసిఫిక్ సముద్రమున కలిపిరి. ఆల్మా 1982లో గతించెను.

సైకో గృహము నిలిచిన యూనివర్సల్ స్టూడియో ఆవరణలోనే, మరియొక వీధిలో, 1989లో జో డాంటే బర్బ్స్ అను చిత్రమును తీసెను. సెలవుపై ఇంటనున్న ఒక గృహస్థుడు, కొత్తగా వచ్చిన పొరుగువారు రాత్రివేళ పెరటిలో త్రవ్వుచుండుట చూచి, మిత్రులతో కూడి వారి ఇంటిలో చొరబడి, కడకు ఆ ఇంటినే పేల్చివేయును. హతుడయ్యెననుకొన్న వృద్ధుడు క్షేమముగా తిరిగివచ్చును. పిచ్చివారము మనమే యని ఆ గృహస్థుడు వీధిలో నిలిచి మొరపెట్టుకొనును. చిత్రము అచ్చటనే ముగిసినచో లాడ్జర్‌కు తగిన మనుమడయ్యెడిది. కాని తరువాత కొలది నిమిషములకే పొరుగువారి మోటారుకారు వెనుక అరలో ఎముకలు బయటపడును.