కుమురం భీం: ఊళ్ళు నిలబెట్టిన వీరుడు

కుమురం భీం పేరు వినగానే తుపాకీ పట్టిన వీరుడు గుర్తొస్తాడు. కానీ ఆయన పోరాటం ఇల్లు, భూమి కోసమే మొదలైంది.

మన గోండు బిడ్డ భీం 1901లో సంకెపల్లిలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయి, కుటుంబంతో సుర్దాపూర్ చేరారు. అక్కడ తమ పంటను, భూమిని కాజేయబోయిన సిద్ధిఖ్‌తో గొడవలో అతడు చనిపోవడంతో అస్సాం వెళ్ళి, తేయాకు తోటల్లో పనిచేశారు.

తిరిగొచ్చాక జోడేఘాట్, బాబేఝరి పరిసరాల్లో తనవాళ్ళను కూడగట్టారు. అడవి నరికి 12 గూడేలు నిలబెట్టారు. మన ఇల్లు ఒక్కరి చేతితో లేచేది కాదు. గుంజలు పాతాలి, వెదురు తడికలు అల్లాలి, మట్టి మెత్తాలి, గడ్డి కప్పాలి. అందుకు గూడెమంతా కదలాలి. నిజాం సిబ్బంది ఆ ఇళ్ళను కాల్చినా జనం చెదిరిపోలేదు. కలిసి కట్టుకున్నవారే కలిసి ఎదురు నిలిచారు.

1940 ఆశ్వయుజ పౌర్ణమి నాడు జోడేఘాట్‌లో పోలీసు కాల్పుల్లో భీం అమరులయ్యారు. ఆ తర్వాతే సర్కారు మన గోడు తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్‌ను పంపింది. వేల కుటుంబాలకు పట్టాలు దక్కాయి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఏటా జోడేఘాట్‌లో నివాళి అర్పిద్దాం. మన గూడెంలో ఎవరి ఇల్లు లేస్తున్నా, పిలవకముందే వెళ్ళి ఒక చెయ్యి వేద్దాం.