పట్టాభి గారు, రైతు అప్పు

ఈ ప్రత్యేక సంచికకు బ్యాంకింగ్ రంగంలోని ఒక పెద్ద మనిషి గురించి రాయమని సంఘం కార్యవర్గం వారు కోరినప్పుడు నాకు వెంటనే తోచిన పేరు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య గారిది. మన మనుమలు ఆయనను కాంగ్రెసు చరిత్ర రాసిన వ్యక్తిగానో, 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాష్ చంద్రబోసు గారి చేతిలో ఓడిపోయిన అభ్యర్థిగానో పుస్తకాల్లో చదువుకుంటారు. ఆంధ్రా బ్యాంకు పెట్టినవారని పెద్దలందరికీ తెలుసు. కానీ రైతుకు అప్పు ఎక్కడ పుట్టాలి, ఎంత గడువుకు పుట్టాలి అనే చిక్కుముడి మీద ఆయన చేసిన పని గురించి చెప్పేవారు తక్కువ. ఉద్యోగంలో ఎక్కువ కాలం వ్యవసాయ రుణాల కాగితాలతోనే కాపురం చేసినవాణ్ణి కనుక నేను ఆ వైపు నుంచే రాస్తాను.

పట్టాభి గారు 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. ఆ ఊరు అప్పట్లో కృష్ణా జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. లేమిలో పెరిగారు. బందరు నోబుల్ కాలేజీలోను, ఆ తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోను చదివి, వైద్యంలో పట్టా పుచ్చుకుని బందరులో ప్రాక్టీసు పెట్టారు. ముట్నూరి కృష్ణారావు గారు, కోపల్లె హనుమంతరావు గారితో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపనలో పాలుపంచుకున్నారు. జాతీయోద్యమం కోసం నడుస్తున్న ప్రాక్టీసును వదులుకున్నారు. ఆ రోజుల్లో ఒక డాక్టరు అలా చేయడమంటే ఇంట్లో వాళ్ళు ఏమనుకుని ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఇక అసలు సంగతి. 1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట వచ్చింది. కాలువల కింద మాగాణి పెరిగింది. మాగాణి అంటే పెట్టుబడి. విత్తనాలు, దమ్ము, నాట్లు, కూలీలు, ఎడ్లకు మేత, శిస్తు... ఖర్చు తొలకరికి మొదలవుతుంది, డబ్బు చేతికొచ్చేది సంక్రాంతి వేళకి. ఈ మధ్యలో దారి షావుకారు గుమ్మమే. అప్పు తీసుకోవడంలో తప్పు లేదు. ప్రమాదమంతా నోటు తిరగరాయడంలో ఉంది. పంట దెబ్బతిన్న ఏడు వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయించుకుంటారు. అలా మూడు నాలుగు సార్లు జరిగాక ఎకరం కాస్తా షావుకారు పేర రిజిస్టరు అయిపోతుంది. విత్తనాల కోసం చేసిన అప్పుకు పొలం పోవడం ఇలాగే.

మద్రాసు రాజధానిలో ఈ బాధను ముందుగా క్షుణ్ణంగా పరిశీలించినవారు ఫ్రెడరిక్ నికల్సన్. జర్మనీలో రైఫైజన్ అనే ఆయన పల్లెల్లో నడిపించిన పరపతి సంఘాల పద్ధతి మనకు తగినదని 1890లలో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. 1904లో సహకార చట్టం వచ్చింది. అయితే ఆ చట్టంలో ఊరి సంఘానికే చోటు. సంఘానికి డబ్బు ఎక్కడి నుంచి రావాలి? 1912 చట్టం వచ్చాక గానీ సంఘాలకు పైన కేంద్ర బ్యాంకు పెట్టుకునే వీలు కలగలేదు. ఆ వీలును పట్టాభి గారు త్వరగానే అందిపుచ్చుకున్నారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పడింది. పట్నంలో ఉన్నవారి డిపాజిట్లు ఊరి సంఘం ద్వారా పొలం దాకా వెళ్ళడానికి కాలువ తవ్వినట్టయింది.

1923 నవంబరు 20న ఆంధ్రా బ్యాంకు రిజిస్టరు అయింది, 28న బందరులో తలుపులు తెరిచింది. అధీకృత మూలధనం 10 లక్షలు, చెల్లించిన మూలధనం 1 లక్ష. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వచ్చింది. 1927లో వడ్లమన్నాడులో భూమి తనఖా బ్యాంకు, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వచ్చాయి.

ఒక్క మనిషి ఇన్ని సంస్థలు ఎందుకు పెట్టారు? పేరు కోసమని ఆనాడూ కొందరు అనుకుని ఉండవచ్చు. కౌంటరు వెనుక కూర్చున్నవారికి మాత్రం ఇందులోని లెక్క తెలుస్తుంది. వాణిజ్య బ్యాంకు దగ్గర ఉన్నది జనం ఎప్పుడైనా వెనక్కి అడగగల డబ్బు. దాన్ని ఇరవై ఏళ్ల గడువుకు పొలం మీద ఇచ్చి కూర్చుంటే, డిపాజిటుదారులు వరస కట్టిన రోజున బ్యాంకు మూతపడుతుంది. 1906లో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ కూలి వేలమంది సొమ్ము పోయిన సంగతి ఆ తరం వారికి బాగా గుర్తుంది. కనుక పంట అప్పుకు సహకార సంఘం, పాత బాకీ తీర్చుకోవడానికో భూమి బాగుచేసుకోవడానికో దీర్ఘకాలపు తనఖా బ్యాంకు, పొదుపుకూ వ్యాపారానికీ వాణిజ్య బ్యాంకు. పంట అప్పు పంటతో తీరాలి, భూమి అప్పు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తీరాలి. షావుకారు దగ్గర ఈ రెండూ ఒకే నోటులో కలిసిపోయేవి. పట్టాభి గారి సంస్థలు వాటిని విడదీశాయి. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద పని ఇదే.

తరువాత మాంద్యం వచ్చింది. 1930 నుంచి ధాన్యం ధర పడిపోయింది. బాకీ మాత్రం రూపాయల్లో అలాగే ఉంది. అంటే అదే అప్పు తీర్చడానికి మునుపటి కంటే ఎన్నో బస్తాలు ఎక్కువ కొలవాలి. చివరకు 1938లో రాజాజీ గారి ప్రభుత్వం చట్టం చేసి రైతుల బాకీలు తగ్గించవలసి వచ్చింది. పట్టాభి గారి జీవితం మాత్రం రాజకీయాలకే ఎక్కువ అంకితమైపోయింది. క్విట్ ఇండియా కాలంలో నెహ్రూ, పటేల్ ప్రభృతులతో అహమ్మద్‌నగర్ కోటలో దాదాపు మూడేళ్లు ఉన్నారు. 1948లో జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు.

ఆయన గవర్నరుగా ఉన్న రోజుల్లోనే, 1954లో, అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే నివేదిక వెలువడింది. 1951-52లో రైతులు చేసిన అప్పుల్లో సహకార సంఘాల వాటా నూటికి మూడు రూపాయలే. వాణిజ్య బ్యాంకులది రూపాయి లోపే. నలభై ఏళ్ల శ్రమ తరువాత దేశం మొత్తం మీద లెక్క అదీ. కృష్ణా జిల్లాలో జరిగినదాన్ని దేశమంతటికీ అన్వయించకూడదు, నిజమే. అయినా ఆ అంకె చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంటుంది.

మరొక లోటు కూడా చెప్పాలి. ఈ తలుపులన్నీ భూమి కాగితం ఉన్నవాడికే తెరుచుకున్నాయి. నేను డెల్టాలో ఒక శాఖలో పనిచేస్తున్నప్పుడు ఒక కౌలు రైతు ఏటా తొలకరికి వచ్చేవాడు. పదేళ్లుగా అదే నాలుగెకరాలు సాగు చేస్తున్నాడు. ఆసామి సంతకం పెట్టడు, పెడితే కౌలుదారుకు హక్కు వస్తుందేమోనని భయం. సంతకం లేనిదే పంట రుణం ఇవ్వడానికి మాకు నిబంధనలు ఒప్పుకోవు. భార్య మెడలో గొలుసు ఉన్నంత కాలం బంగారం మీద ఇచ్చాం. అది అమ్మేశాక అతను ధాన్యం కమీషను వ్యాపారి దగ్గరకు వెళ్ళాడు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం మన రాష్ట్రంలో 2011లో గానీ రాలేదు. దాని స్థానంలో 2019లో మరొక చట్టం తెచ్చారు. అందులోనూ ఆసామి సంతకం దగ్గరే పని ఆగిపోతుందని ఇప్పటికీ రైతులు చెబుతుంటారు.

పట్టాభి గారు 1959 డిసెంబరు 17న కన్నుమూశారు. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. 1969లో 14 బ్యాంకులు జాతీయమైనప్పుడు ఆ జాబితాలో లేని ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై ఆ పేరు బోర్డుల మీద నుంచి తొలగిపోయింది. 1915 నాటి కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు మాత్రం మచిలీపట్నం కేంద్రంగా నేటికీ తొలకరికి పంట రుణాలు ఇస్తూనే ఉంది.